వాపసు తీసుకున్న వేలిముద్ర

నేను బతికే ఉన్నానని ఏడాదికోసారి రుజువు చూపించాలి. రిటైరైన టీచర్లందరికీ ఉన్న తంటానే ఇది. మొన్న బారిడీహ్ బజారులో ఆ పని చేసిపెట్టే కొట్టుకి వెళ్ళాను. కౌంటరు వెనకున్న అమ్మాయి ఒక కాగితం నా ముందుకు తోసి, వేలు పెట్టి చూపించి, ఇక్కడ సంతకం చెయ్యమంది. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల ఇంగ్లీషు దిద్దినదాన్ని, చదవకుండా సంతకం పెట్టను. నా వెనకాల వాళ్ళు విసుక్కుంటున్నా మొత్తం చదివాను. అడుగున సన్నని అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఈ సమ్మతిని నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు విత్‌డ్రా చేసుకోవచ్చునట. చదివి నవ్వుకున్నాను. అంత తేలికైన పనా అది!

సంతకం అయ్యాక వేలిముద్ర మిషను మీద బొటనవేలు పెట్టమంది. ఎర్ర దీపం వెలిగింది. చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎర్ర దీపమే. "లకీర్ నహీఁ ఆ రహీ, ఆంటీ," అంది ఆ అమ్మాయి. గీతలు రావడం లేదట. నేను నా బొటనవేలు వంకే చూస్తూ నిలబడ్డాను. ఈ వేలి గీతలు ఒకప్పుడు ఎంత చక్కగా పడ్డాయో నాకు తెలుసు. పడకూడని చోట పడ్డాయి.

అప్పుడు నేను ఆరో క్లాసు. గోల్‌మురిలో మాది ఒక గది, ఒక వరండా ఉన్న క్వార్టరు. ఆ క్వార్టరు అమ్మమ్మ పేరు మీద ఉండేది. అమ్మమ్మ ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో రేజా. రేజా అంటే బరువులు మోసే ఆడకూలీ, కానీ అమ్మమ్మది పర్మనెంటు పని. తాతయ్య పోయాక, శ్రీకాకుళం వైపు తిరిగి వెళ్ళిపొమ్మని అందరూ అన్నా వినకుండా ఇక్కడే ఉండి ఆ పనిలో చేరింది. ఫర్నేసు లోపలి గోడలు పాడైనప్పుడల్లా కొత్త ఇటుకలు వెయ్యాలి. రేజాలు వరసగా నిలబడి ఆ ఇటుకలు చేతి నుంచి చేతికి అందించేవారు. మామూలు ఇటుకలు కావు, గరుకుగా, బరువుగా ఉండేవి. చేతులకి గుడ్డపీలికలు చుట్టుకునేవారు గాని బొటనవేళ్ళు బయటే ఉండేవి.

మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాల వెంట ఊళ్ళు తిరుగుతూ నెలకి రెండుసార్లు వచ్చేవాడు. అందుకని అమ్మ, నేను అమ్మమ్మ దగ్గరే ఉండేవాళ్ళం. మావయ్య కూడా మాతోనే. అతను అమ్మకి తమ్ముడు, అమ్మమ్మకి ఒక్కగానొక్క కొడుకు.

సాయంత్రం సైరన్ మోగిన కాసేపటికి రోడ్డంతా సైకిళ్ళు. సైకిళ్ళ వెనకాల నడుచుకుంటూ రేజాల గుంపు. అమ్మమ్మ ఎక్కడుందో నాకు వాసన చెప్పేది. ఇటుకల దుమ్ము, చెమట, చుట్ట పొగాకు, మూడూ కలిసిన వాసన అది. వచ్చి వరండాలో కూర్చుని చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి తిప్పి పెట్టుకునేది. మా వైపు ఆడవాళ్ళకి అడ్డపొగ మామూలే. పక్క క్వార్టర్ల బిహారీ పిల్లలు మాత్రం నోళ్ళు తెరుచుకుని చూసేవారు. మీ నానీ నిప్పు తింటుందని బళ్ళో నాతో అనేవారు. అవును, తింటుంది, మీ నానీ తినగలదా అని నేను ఎదురు అడిగేదాన్ని. పొద్దున్న చోడి అంబలి, అదే రాగి అంబలి, ఉల్లిపాయ. రాత్రి అన్నంలోకి ఎండు మెత్తళ్ళ పులుసు. ఆ పులుసు వాసనకి పై వరసలో బెంగాలీ ఆవిడ కిటికీ మూసుకునేది. అమ్మమ్మ కావాలనే మూత తీసి ఉంచేది.

దుమ్ములో పనిచేసేవాళ్ళకి శనివారం శనివారం బెల్లం ముక్క ఇచ్చేవారు. గొంతులో దుమ్ము దిగడానికట. దానికొక రిజిస్టరు, దాని మీద వేలిముద్ర. ఆ బెల్లం అమ్మమ్మ తినేది కాదు. కొంగున కట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టేది. కొరికితే ముందు ఇసక తగిలేది, తర్వాత తీపి. అంత మంచి బెల్లం నేను మళ్ళీ తినలేదు.

ఆ ఏడాది గేటు దగ్గర ఒక నోటీసు అంటించారు. రేజాలు ఇష్టపడితే తమ ఉద్యోగం కొడుక్కో అల్లుడికో రాసిచ్చి ఇంటికి వెళ్ళిపోవచ్చు. కాగితం మీద వేలిముద్ర వేసిస్తే చాలు. ఒక నెల గడువు పెట్టారు. అమ్మమ్మ గుంపులో ఒకరి తర్వాత ఒకరు ఇచ్చేశారు. మా ఇంట్లో మాత్రం రోజూ యుద్ధమే.

"అందరూ ఇచ్చేత్తన్నారమ్మా. నువ్వొక్కద్దానివే ఏటి?" అనేవాడు మావయ్య.

"అందరూ ఇచ్చీసినారని నానూ ఇచ్చీయాలా? నీకు కావాలంటే నువ్వు సంపాదించుకో. నాది నాను మోసి తెచ్చుకున్నాను."

"నీ వయసుకి ఇంటికాడ కూకోవాలి గానీ ఇటికలు మోత్తారేటి?"

"కూకుని ఏటి సెయ్యాల? నీ పెళ్ళానికి బియ్యం ఏరాలా?"

"నాకింకా పెళ్ళే అవనేదు కదే!"

"అందుకే ముందుగాల సెప్తన్నాను."

మావయ్య దుర్మార్గుడని అనుకోకండి. ఫిట్టరు పని నేర్చుకుని రెండేళ్ళుగా ఖాళీగా తిరుగుతున్నాడు. అతనితో చదివినవాళ్ళందరూ అమ్మ ఉద్యోగమో నాన్న ఉద్యోగమో పుచ్చుకుని గేటు లోపలికి వెళ్ళిపోయారు. నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బజారుకి తీసుకెళ్ళి, ఆకు దొన్నెలో శనగల ఘుగ్నీ పెట్టించేది అతనే. పచ్చిమిరపకాయ ముక్కలు ఏరి తను తిని, శనగలు నాకిచ్చేవాడు. అమ్మమ్మ తర్వాత నాకు లోకంలో అంత ఇష్టమైన మనిషి లేడు.

గడువు ఇంకా రెండు రోజులుందనగా ఒక మధ్యాహ్నం అమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళిన సమయం చూసి, మావయ్య నన్ను లోపలికి పిలిచాడు. చేతిలో కాగితం, నీలం సిరా ప్యాడు. జేబులోంచి ఒక పెన్ను తీశాడు. ముదురు ఎరుపు రంగు, బంగారం రంగు మూత. మా క్లాసులో అలాంటి పెన్ను డాక్టరుగారి అమ్మాయికి ఒక్కదానికే ఉండేది.

"ఇది నీకే. ఒక్కపాలి నీ బొటనేలు ఇలాగ ఇయ్యి. నాది ఏస్తే లావుగా పడతాది. నీది సన్నంగున్నాది, ఆడమనిషి ఏలులాగే ఉంతాది," అన్నాడు.

"అమ్మమ్మకి తెలిస్తే?"

"ఆర్డరు వచ్చీసినాక రెండు రోజులు తిడతాది. మూడో రోజుకి అదే ఊరుకుంతాది. ఆవిడ సుకం కోసవే కదా."

తెలియక వేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. కాగితం మీద హిందీలో ఉన్నది నేను చదివాను. నా ఉద్యోగం నా ఇష్టపూర్వకంగా నా కొడుక్కి ఇస్తున్నాను అని ఉంది. చదివి, పెన్ను వంక చూసి, వేలు అద్దాను. గీతలు ఒక్కటి కూడా చెదరకుండా సుడులు సుడులుగా పడ్డాయి. మావయ్య ఊదుకుంటూ ఆరబెట్టి మురిసిపోయాడు.

ప్యాడు ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు. నేను ఊరుకుంటానా? తలుపు వెనకాల సున్నం గోడ మీద వేలిముద్రలతో ద్రాక్షగుత్తి వేశాను. కాలెండరు వెనక చిలకని వేశాను. అమ్మ చూసి నెత్తి మీద ఒకటి మొట్టి, తడిగుడ్డతో చిలకని చెరిపేసింది. తలుపు వెనకాలది ఎవరూ చూడలేదనుకున్నాను.

పదిహేను రోజులయ్యాక ఒక సాయంత్రం అమ్మమ్మ సైరన్ మోగకముందే ఇంటికి వచ్చింది. అలా ఎప్పుడూ రాలేదు. చుట్ట తీసింది గాని వెలిగించలేదు. వచ్చే నెల నుంచి రానక్కర్లేదని ఆఫీసులో చెప్పారట. నేనేమీ ఇవ్వలేదని పోట్లాడితే కాగితం తీసి, ఇదిగో నీ వేలు అని చూపించారట.

అమ్మమ్మ నన్ను దగ్గరికి రమ్మంది. నా కుడిచెయ్యి తీసుకుని బోర్లించి, వెల్లకిలా తిప్పి, బొటనవేలు మీద తన బొటనవేలు పెట్టి రాసింది. తన వేలు నున్నగా ఉంది, గాజుపెంకులా. అప్పటిదాకా నేనది ఎప్పుడూ గమనించలేదు. అన్నేళ్ళు ఇటుకలు అందించీ అందించీ గీతలన్నీ అరిగిపోయాయి. బెల్లం రిజిస్టరులో అమ్మమ్మ వేలు ఎప్పుడూ ఒక నీలం మచ్చలా పడేదట, గుమస్తా వేళాకోళం చేసేవాడట. మావయ్య కన్నకొడుకై ఉండి కూడా ఆ సంగతి ఎరగడు. ఎప్పుడైనా ఆ చెయ్యి పట్టుకుని చూస్తే కదా! నేను మాత్రం చూశానా?

"గోడమీద ద్రాచ్చపళ్ళు ఏసినావు కదే, అప్పుడే సూసినాను నీ ఏలి గీతలు," అంది. అంతే. కొట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుతో ఏడవలేకపోయాను.

చీకటి పడేలోపు మావయ్య వచ్చాడు. పొయ్యి వెలిగించకుండా అందరం వరండాలో కూర్చుని ఉండటం చూసి సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించి, అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "ఏలు నీది కాదని మాత్రం సెప్పకమ్మా. నన్ను పోలీసులకి అప్పసెప్తారు. జన్మలో ఏ గేటూ నన్ను రానివ్వదు," అని ఏడిచాడు.

"పిల్లనీ అడుగుతార్రా! దాని సేత ఏయించినావు!" అని అమ్మ అతని వీపు మీద బాదింది.

అమ్మమ్మ అప్పుడు చుట్ట వెలిగించింది. "నిన్ను పట్టివ్వను. దాన్ని పట్టివ్వను. నా ఉజ్జోగం మాత్రం ఇవ్వను," అంది. మూడూ కలిపి ఎలా అవుతాయో మాకెవరికీ అర్థం కాలేదు.

మర్నాడు ఆదివారం. తలంటు పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ నన్ను పిలిచింది. "ఇచ్చిన మాట ఎనక్కి తీసుకోడాన్ని ఇంగిలీసులో ఏటంతారే?" అని అడిగింది.

నా దగ్గర అట్టలు ఊడిపోయిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటుండేది. నాన్న సాక్చీలో పాత పుస్తకాల కుప్పలో కొన్నాడు. తెచ్చి ముందు పెట్టుకుని వెతికాను. ఒకటి కాదు, నాలుగు మాటలు దొరికాయి. రీకాల్ అంటే వెనక్కి పిలవడం, పంపిన మనిషిని పిలిచినట్టు. క్యాన్సిల్ అంటే కొట్టెయ్యడం, రైలుని కొట్టేసినట్టు. రివోక్ అంటే ఇచ్చిన హక్కుని రద్దు చెయ్యడం, రాజులూ జడ్జీలూ చేసే పని. విత్‌డ్రా అంటే ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోవడం. అన్నీ చదివి వినిపించి, రివోక్ బాగుంది అమ్మమ్మా, గొప్పగా ఉంటుంది అన్నాను.

"కాదు. ఆ ఆకరిది రాయి," అంది. "ఎనకటికి సమ్మె సేసినపుడు గేటు కాడ మైకులో అన్నారు, సమ్మె విత్‌డ్రా సేసీసినాం అని. నా సెవులతో ఇన్నాను. మొగోళ్ళే మొదలెట్టినారు, మొగోళ్ళే విత్‌డ్రా సేసినారు. రేజాల్ని ఎవులూ అడగనేదు. ఆఫీసోళ్ళకి ఆ మాట బాగా తెల్సు. ఇప్పుడు నాను సేత్తాను."

నోటుబుక్కు మధ్యలోంచి కాగితం చింపి, పెన్సిలు అందుకున్నాను. అమ్మమ్మ నా చేతి మీద కొట్టింది. "అది కాదు. ఆడిచ్చినాడు కదా, ఆ ఎర్ర పెన్ను తియ్యి. దాంతోనే రాయి." పెన్ను నేను బియ్యం డబ్బా వెనక దాచాను. అదీ తెలుసు ఆవిడకి! మావయ్య గుమ్మంలో నిలబడి చూస్తుండగా తెచ్చి, నిబ్బు విదిలించి మొదలుపెట్టాను. నా వేలిముద్రను నేను విత్‌డ్రా చేసుకుంటున్నాను, నా ఉద్యోగం నేనే చేస్తాను, అని ఇంగ్లీషులో రాశాను. టీచరుకి రాసే సెలవు చీటీల్లో ఎప్పుడూ కారణం ఉండాలి. అందుకని, ఎందుకు వెనక్కి తీసుకుంటున్నావో రాయొద్దా అని అడిగాను.

"ఇచ్చినపుడు ఎందుకిత్తన్నావని అడగనోళ్ళు, తీసుకున్నపుడు అడుగుతారేటి? రాయకు."

సోమవారం నాకు బడి మాన్పించింది. ఆఫీసులో పెద్ద గుమస్తాని బడాబాబు అనేవారు. మందపాటి కళ్ళద్దాలు, బల్ల మీద తమలపాకుల డబ్బా. అమ్మమ్మ గుంపులో ఉద్యోగం ఇంకా ఇవ్వని రేజాలు ఐదారుగురు, సంతాలీలు, ఛత్తీస్‌గఢీలు, పని మధ్యలో వచ్చి కిటికీ బయట నిలబడ్డారు. మాటలన్నీ హిందీలోనే జరిగాయి. అమ్మమ్మ హిందీలో సగం తెలుగే. నాకు గుర్తున్నది ఆ తెలుగే.

బడాబాబు ఉత్తరం చదివాడు. "ఎవరు రాశారు?" అన్నాడు.

"నా మనవరాలు. ఏలు నాను ఏత్తాను," అని అక్కడే, అతని ప్యాడు మీదే అద్ది, ఉత్తరం అడుగున వేసింది. నీలం మచ్చ పడింది. ఒక్క గీత లేదు.

అతను దాని వంక చూశాడు. బీరువాలోంచి మావయ్య ఇచ్చిన పాత కాగితం తీసి పక్కన పెట్టాడు. అది చాలక బెల్లం రిజిస్టరు కూడా తెప్పించి, ఆవిడ పేరున్న పేజీల మీద వేలు పెట్టి కిందకి దించాడు. అన్నీ మచ్చలే. కుడిచెయ్యి గౌను వెనకాల దాచుకున్నాను.

"మౌసీ, ఈ కాగితం మీద గీతలున్నాయి. మిగతా ఎక్కడా లేవు," అన్నాడు.

"అప్పుడున్నాయి బాబూ. అరిగిపోనాయి."

"పదిహేను రోజుల్లోనా?"

"నువ్వు మొయ్యి బాబూ పదేను రోజులు ఇటికలు. అప్పుడడుగు."

కిటికీ బయట రేజాలు పకపకా నవ్వారు. బడాబాబు నవ్వలేదు. కళ్ళద్దాల మీదుగా నన్ను చూశాడు. "బేటీ, నీ చెయ్యి చూపించు," అన్నాడు.

ఇక అయిపోయింది అనుకున్నాను. పోనీ, చెప్పేద్దాం, నేనే వేశానని చెప్పేద్దాం అని చెయ్యి ముందుకు తీశాను కూడా. అమ్మమ్మ దాన్ని ఒక్క దెబ్బ కొట్టి కిందకి దించి, నాకూ బల్లకీ మధ్య వచ్చి నిలబడింది. "పిల్ల సేతితో నీకేటి పని? ఆ ఏలు నాదే, ఈ ఏలూ నాదే. ఇచ్చినాను, ఎనక్కి తీసుకుంతన్నాను. తీసుకోకూడదని ఆ కాగితం మీద ఎక్కడున్నాదో సదివి సెప్పు. నేకపోతే ముద్దరెయ్యి."

అతను పాత కాగితం వెనకా ముందూ తిప్పాడు. ఎక్కడా లేదు. నా ఉత్తరాన్ని దాని మీద పెట్టి గుండుసూది గుచ్చి, ముద్ర వేశాడు. ఫైలు అట్ట మీద ఏదో రాసుకున్నాడు. నేను తలకిందులుగా చదివాను. ఈ రేజా పేరు మీద గీతలున్న వేలిముద్ర వస్తే పుచ్చుకోవద్దు అని రాశాడు.

బయటికి వచ్చాక అమ్మమ్మ కొంగుముడి విప్పి బెల్లం ముక్క తీసింది. శనివారం నాది. అలిగి ఉండి కూడా నాకోసం దాచింది. నేను దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాను. "అది నా ముద్ర కదా. నీదని ఎందుకన్నావు?" అని అడిగాను.

"నాదంతేనే కదే ఎనక్కి తీసుకోడానికి అవుతాది," అంది. నాలుగడుగులు వేశాక ఆగి నా బొటనవేలు పట్టుకుని నొక్కింది. "ఇది నీది. ఇంకెప్పుడూ ఎవులికీ ఇవ్వకు." తర్వాత నన్ను ఇంటివైపు తోసి, తను ఇటుకల దగ్గరికి వెళ్ళిపోయింది.

అమ్మమ్మ రిటైరయ్యే వయసు నిండేదాకా పని చేసింది. క్వార్టరు తాళం తనే అప్పజెప్పింది. నా కాలేజీ చదువు ఆ ఇంట్లోంచే అయింది. మావయ్య సంగతి వేరు. అతను బతికినన్నాళ్ళూ టెల్కో కాలనీ వైపు కాంట్రాక్టు పనులే చేశాడు, ఏ గేటుకీ పర్మనెంటు కాలేదు. ముసలితనంలో కూడా, అమ్మ ఆ రోజు ఇచ్చేసుంటే నా దారి వేరేలా ఉండేది అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా నాకు గుండె నొప్పెట్టేది. అయినా చెప్తున్నాను, న్యాయం అమ్మమ్మదే. ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్తాను. ఇప్పుడు రేజాలు లేరు, సైకిళ్ళ వరసలు లేవు, మా క్వార్టరు వరసే కూల్చేశారు. తలుపు వెనకాల నా ద్రాక్షగుత్తి కూడా మట్టిలో కలిసిపోయింది.

"ఆంటీ, ఇంకో వేలు పెట్టి చూద్దాం," అని కౌంటరు అమ్మాయి నన్ను కదిపింది. చూపుడువేలికి పచ్చ దీపం వెలిగింది. నేను బతికే ఉన్నానని తేలింది. కాగితాలు సర్దుతూ, "బొటనవేలు ఇంతలా అరిగిపోయిందేంటి, ఏం పని చేసేవారు?" అని అడిగింది. సుద్దముక్కలు పట్టుకున్న వేలు అని చెప్పొచ్చు. వయసు మీద పడిందని చెప్పొచ్చు. అదే నిజం.

"ఇటుకలు మోశాను," అన్నాను. "పదిహేను రోజులు."